కట్టు విప్పాక కాలు మాట వినకపోతే నరం చచ్చినట్టేనా?

ప్రశ్న: ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు పొడుగైన ఉత్తరం రాశారు. దాని సారం ఇది. "మా నాన్నగారికి 58 ఏళ్లు, 60 కిలోల మనిషి. గట్టు మీంచి జారిపడితే కుడి మోకాలు రాయికి కొట్టుకుంది. బరంపురంలో ఎక్స్‌రే తీశారు. చిప్ప చిట్లింది గానీ ముక్కలు ఎడం కాలేదు, ఆపరేషన్ అక్కర్లేదని తొడ నుంచి చీలమండ పైదాకా పిండికట్టు వేశారు. ఆరు వారాలు ఉంచి, పది రోజుల కిందట విప్పారు. ఎముక అతికింది, మెల్లగా నడవొచ్చు అన్నారు. కానీ తొడ సన్నబడిపోయింది. ఎడమ తొడ చుట్టుకొలత 46 సెంటీమీటర్లుంటే కుడిది 42. మోకాలు బిగించమంటే ఏమీ కదలడం లేదు. 'నేను చెప్తూనే ఉన్నాను, కాలే వినడం లేదురా' అంటున్నారు. మోకాలు సగం కూడా మడవడం లేదు. ఊళ్లో అందరూ నరం చచ్చిపోయిందంటున్నారు. ఒకరు కరెంటు పెట్టించమంటారు, ఒకరు నరాల బలం ఇంజెక్షన్లంటారు, ఇంకొకరు నాటు వైద్యుడి దగ్గర నూనె మర్దన చేయించి కాలు లాగించమంటారు. ఏది చేయాలి? ఉభాలకు (వరి నాట్లకు) నాన్న మడిలోకి దిగగలరా? షుగరు లేదు, బీపీ మాత్ర వేసుకుంటారు."

జవాబు: ముందు మీ భయం గురించి. మీరు రాసిన లక్షణాలను బట్టి నరం చచ్చిపోయి ఉండే అవకాశం చాలా తక్కువ. అయినా నా మాట మీద వదిలేయకండి, ఇంట్లోనే ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు.

నాన్నగారిని మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టండి. కుడి పాదాన్ని తనవైపు పైకి లాగమనండి, తరువాత ఒక్క బొటనవేలినే పైకి ఎత్తమనండి. మీ వేలితో కిందికి నొక్కి చూడండి, ఎడమ పాదమంత గట్టిగా ఎదురు నిలుస్తోందా? మోకాలి బయటివైపు, కాస్త కిందగా ఒక ఎముక బొడిపె ఉంటుంది. పాదాన్ని పైకి లేపే నరం దాన్ని చుట్టుకుని చర్మం కిందే పోతుంది. పిండికట్టు అక్కడ ఒత్తితే దెబ్బతినేది ఆ నరమే. పాదం ఈడ్చుకుంటూ నడుస్తున్నా, పాదం పైభాగం మొద్దుబారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది, దూదితో తొడ ముందు భాగాన్నీ, పిక్క లోపలి వైపునీ తాకి చూడండి. రెండు కాళ్లకూ స్పర్శ ఒకేలా తెలిస్తే తొడ కండకు వెళ్లే నరం బాగానే ఉందనుకోవచ్చు. ఎక్కడైనా తేడా తోస్తే నరాల వేగాన్నీ, కండ స్పందననూ చూసే పరీక్ష చేస్తారు. దెబ్బతిన్న నరం తాలూకు గుర్తులు కండలో కనబడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మీకు ఆ గడువు దాటిపోయింది కాబట్టి, అవసరమైతే ఇప్పుడు చేయించే పరీక్ష నమ్మదగినదే.

ఇంకొకటి కూడా చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. తొడ కండ బిగుస్తున్నట్టు చేతికి స్పష్టంగా తెలుస్తోంది, అయినా మడమ మంచం నుంచి లేవడం లేదు, పైగా చిప్ప మీద వేలు పెడితే మధ్యలో గాడి తగులుతోంది అనుకోండి. అప్పుడు అది కండ లోపం అవదు. అతికిన ముక్కలు మళ్లీ విడిపోయాయేమోనని అనుమానించాలి. వ్యాయామాలు ఆపి ఎక్స్‌రే తీయించండి.

ఇవేవీ లేకపోతే మీ నాన్నగారిది కట్టు కిందున్న ప్రతి కాలికీ, ప్రతి చేతికీ జరిగేదే. అందులో రెండు నష్టాలు కలిసి ఉంటాయి. కండ కరిగిపోవడం ఒకటి, ఉన్న కండకు పిలుపు సరిగ్గా అందకపోవడం రెండోది. కంటికి కనబడేది మొదటిదే కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. కాలు మాట వినకపోవడానికి ఎక్కువ కారణం రెండోది.

కొలతతోనే మొదలుపెడదాం. 46కీ 42కీ తేడా నాలుగే కదా అనిపిస్తుంది. చుట్టుకొలతను వైశాల్యంగా మారిస్తే 46 సెంటీమీటర్ల తొడ అడ్డుకోత సుమారు 168 చదరపు సెంటీమీటర్లు, 42 సెంటీమీటర్లది 140. అంటే ఆరో వంతు పోయింది. లోపలున్న ఎముక తగ్గదు, కొవ్వు పెద్దగా తగ్గదు. తగ్గినది దాదాపు అంతా కండే కాబట్టి కండలో నష్టం ఆరో వంతు కంటే ఎక్కువే. ఇది ఎంత త్వరగా మొదలవుతుందో నెదర్లాండ్స్‌లోని మాస్‌ట్రిక్ట్ పరిశోధకులు 2014లో చూపించారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ల ఒక కాలికి కట్టు వేస్తే ఐదు రోజుల్లోనే తొడ ముందు కండ 3.5 శాతం తగ్గింది, బలం 9 శాతం తగ్గింది. పద్నాలుగు రోజులకు కండ 8 శాతం పైచిలుకు, బలం దాదాపు 23 శాతం తగ్గాయి. అంటే మీ నాన్నగారి కాలులోనూ నష్టం మొదటి రోజుల్లోనే మొదలై ఉంటుంది.

కండలో రోజూ కొంత మాంసకృత్తి విరుగుతుంది, కొంత కొత్తగా తయారవుతుంది. తిన్న ప్రతిసారీ తయారీ పెరుగుతుంది. కదలని కాలులో ఆ తయారీ మందగిస్తుంది. పప్పు, చేప తిన్నా ఆ కండ మునుపటిలా అందుకోదు. అందుకే మంచి తిండి ఒక్కదానితో కండ తిరిగి రాదు, పని చేయించి తినిపించాలి. కాలులోని అన్ని కండలూ ఒకేలా తగ్గవు కూడా. మనిషిని నిలబెట్టే తొడ ముందు కండ, తొడ వెనక కండ కంటే ఎక్కువ కరుగుతుంది. మీ నాన్నగారి కట్టు చీలమండ పైనే ఆగింది కాబట్టి పాదం కదుపుతూనే ఉండి ఉంటారు. పిక్క కొంత నిలిచే ఉంటుంది, చూడండి.

మోకాలు మడవకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది. కాలు చాచి కట్టు వేస్తే తొడ ముందు కండ కురచ స్థితిలో ఉండిపోతుంది. కండ పోగు గొలుసులాంటిది. సార్కోమియర్లు అనే చిన్న చిన్న లంకెలు వరసగా చేరితే పోగు అవుతుంది. కురచగా ఉంచితే శరీరం ఇన్ని లంకెలు అక్కర్లేదనుకుని తీసేస్తుంది. 1972లో పిల్లుల పిక్క కండ మీద చేసిన పరిశోధనలో, కురచ స్థితిలో నాలుగు వారాలు కట్టు ఉంచితే 40 శాతం లంకెలు పోయాయి. అదే కండను సాగదీసి ఉంచితే సుమారు 20 శాతం పెరిగాయి. కట్టు తీశాక పోయినవి తిరిగి వచ్చాయి. మనిషి కాలులోనూ ఈ సర్దుబాటు జరుగుతుంది. రోజూ కొంచెం కొంచెంగా సాగదీస్తుంటే లంకెలు చేరతాయి. ఒక్క రోజులో బలవంతంగా మడిస్తే చేరవు, చిరుగుతాయి.

ఇక పిలుపు సంగతి. 1987లో బ్రస్సెల్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం దీన్ని బాగా విడదీసి చూపిస్తుంది. ఎముక విరిగి చెయ్యి ఆరు వారాలు కట్టులో ఉన్నవాళ్ల బొటనవేలి కండను రెండు విధాలుగా పరీక్షించారు. మీరే గట్టిగా నొక్కండి అంటే బలం 55 శాతం తగ్గింది. నరానికి బయటి నుంచి కరెంటు ఇచ్చి అదే కండను బిగింపజేస్తే 33 శాతమే తగ్గింది. కండ ఇవ్వగలిగినదానికీ, మనిషి దానితో చేయించుకోగలిగినదానికీ మధ్య ఎడం అది. ఆ తేడా అంతా మెదడూ, వెన్నుపామూ పంపే పిలుపులోనిది.

ఈ పిలుపు ఎలా పోతుందంటే, మెదడులో పుట్టిన ఆజ్ఞ వెన్నుపాములోని నరకణానికి చేరుతుంది. ఆ కణం నుంచి పొడుగాటి నరపు పోగు తొడ దాకా దిగి, అక్కడ కొమ్మలుగా చీలి ఒక్కో కండ పోగు మీద ఒక్కో కొసను ఆనిస్తుంది. ఆ కొస దగ్గర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిన్న చిన్న సంచుల్లో ఉంటుంది. పిలుపు రాగానే సంచులు పగిలి రసాయనం సందులోకి వస్తుంది, అవతలి ఒడ్డున కండ మీదున్న గ్రాహకాలు దాన్ని పట్టుకుంటాయి, కండ బిగుస్తుంది. గట్టిగా బిగించాలంటే నరకణం సెకనుకు చాలాసార్లు పిలవాలి, ఎక్కువ నరకణాలు కలిసి పిలవాలి. కాలు వారాల తరబడి కదలకపోతే ఈ పిలుపుల వేగం పడిపోతుంది, పనికి వచ్చే నరకణాల సంఖ్యా తగ్గుతుంది. నరం కొస దగ్గరా మార్పులొస్తాయి. చాలాకాలం కదలికే లేకపోతే గ్రాహకాలు ఆ కొసను దాటి కండ మీద అటూ ఇటూ పరుచుకోవచ్చు. పని మొదలైతే ఇదీ సర్దుకుంటుంది. దీనివల్ల ఒక జాగ్రత్త ఉంది. రాబోయే రోజుల్లో మరే కారణానికైనా ఆపరేషన్ పడితే, ఇన్ని వారాలు కాలు కట్టులో ఉందని మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. కండల బిగువు సడలించడానికి వాడే ఒక మందు, ఎక్కువకాలం కదలకుండా ఉన్నవాళ్లకు రక్తంలో పొటాషియాన్ని ప్రమాదకరంగా పెంచగలదు.

పిలుపును ఆపేసే ఇంకో శత్రువు మోకాల్లోనే ఉంది, అది వాపు. కీలు లోపల నీరు చేరితే అక్కడి నరాలు వెన్నుపాముకు ఆగమని కబురు పంపుతాయి. వెన్నుపాము తొడ కండను అణచిపెడుతుంది. నొప్పి లేకపోయినా ఇది జరుగుతుంది. మోకాల్లోకి 20 నుంచి 30 మిల్లీలీటర్ల ద్రవం ఎక్కిస్తే చాలు, చిప్పకు పైన లోపలివైపుండే కండ మొద్దుబారుతుందని పరిశోధనల్లో తేలింది. అంటే నాలుగైదు చెంచాలు. మీ నాన్నగారి చిప్పకు రెండు పక్కలా ఉండే గుంటలు ఎడమ మోకాలికి ఉన్నట్టే కనబడుతున్నాయా? పూడుకుపోయి ఉంటే నీరు ఉన్నట్టే. అందుకే మొదటి పని వాపు దించడం. ఐసు ముక్కలను తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి. పల్లెలో ఐసు దొరక్కపోతే కుండనీళ్లలో తడిపిన గుడ్డను మార్చి మార్చి వేయండి. పడుకున్నప్పుడు మడమ గుండె కంటే ఎత్తులో ఉండాలి. మోకాలి కింద మాత్రం దిండు పెట్టొద్దు. హాయిగా ఉంటుంది గానీ, రాత్రంతా అలా ఉంటే మోకాలు పూర్తిగా చాచలేని స్థితి వస్తుంది. మడవలేని మోకాలి కంటే చాచలేని మోకాలు నడకను ఎక్కువ పాడుచేస్తుంది. దిండు మడమ కింద పెట్టండి, మోకాలి వెనక ఖాళీగా వదలండి. పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు.

ఇప్పుడు పిలుపును తట్టి లేపే పని. మొదటి రెండు మూడు వారాలూ ఇదే ముఖ్యం, బరువులు తరువాత. నాన్నగారు గోడకు ఆనుకుని చాప మీద కాళ్లు చాపి కూర్చోవాలి. కుడి మోకాలి కింద చిన్న తువ్వాలు చుట్ట, రెండు వేళ్ల ఎత్తు చాలు. మీరు పక్కన కూర్చుని, చిప్పకు నాలుగు వేళ్ల పైన లోపలివైపు మీ వేళ్ల కొనలు ఆనించండి. ముందు ఎడమ తొడను గట్టిగా బిగించమనండి. కండ ఎలా ఉబికిందో, చిప్ప ఎలా పైకి జారిందో ఆయన కళ్లతో చూడాలి. ఎడమ కాలు బిగించి ఉంచే, ఇప్పుడు కుడి మోకాలితో తువ్వాలును నేలకు అదమమనండి. మొదటి రోజు మీ వేళ్ల కింద చిన్న మిణుకు తగిలినా చాలు. "ఇదిగో, ఇప్పుడు వచ్చింది" అని వెంటనే చెప్పండి. ఆ కబురు ఆయనకు అందడమే ఇందులో సగం వైద్యం. కండ ఎప్పుడు బిగిసిందో మెదడుకు తెలిస్తేనే ఆ దారిని మళ్లీ పట్టుకుంటుంది. ఐదారు సెకన్లు బిగించి, పది సెకన్లు వదలాలి. పదిసార్లు ఒక విడత. రోజుకు ఐదు విడతలు. ఒకేసారి యాభై చేస్తే అలసిన కండ మొండికేస్తుంది, విడతలుగానే చేయించండి.

ఇందులో మూడు తప్పులు తరచూ జరుగుతాయి. తొడకు బదులు పిర్రను బిగించి, నడుము ఎత్తి మోకాలిని కిందికి తోయడం ఒకటి. బయటికి అంతా చేసినట్టే ఉంటుంది, మీ వేళ్ల కింద మాత్రం కండ మెత్తగానే ఉంటుంది. రెండోది మడమను నేలలోకి గుచ్చడం, అప్పుడు పని తొడ వెనక కండ చేస్తుంది. మూడోది ఊపిరి బిగబట్టడం. మీ నాన్నగారికి బీపీ ఉంది కాబట్టి ఇది ముఖ్యం. బిగించినంతసేపూ ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టమనండి. లెక్కపెట్టే మనిషి ఊపిరి బిగబట్టలేడు.

ఎడమ కాలిని పక్కన పెట్టేయకండి. ఒక కాలితో బలానికి పని చేయిస్తే రెండో కాలి బలం కూడా కొంత నిలుస్తుంది, కొంత పెరుగుతుంది. ఆ లాభం మెదడు, వెన్నుపాముల ద్వారా వచ్చేది. ఎడమ కాలితో కుర్చీలోంచి లేవడం, ఎడమ మడమకు కిలో ఇసుక మూట కట్టి మోకాలు చాచడం రోజు విడిచి రోజు చేయించండి. అలాగే ఊహ. ఒహాయో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతుల మణికట్టుకు నాలుగు వారాలు కట్టు వేసి చూశారు. ఊరికే ఉన్నవాళ్లు 45 శాతం బలం పోగొట్టుకున్నారు. కట్టులోని చేతిని బలంగా బిగిస్తున్నట్టు వారానికి ఐదు రోజులు మనసులో ఊహించినవాళ్లకు 24 శాతమే పోయింది. కళ్లు మూసుకుని, బరువైన నాగలిని కుడి కాలి ఊతంతో తోస్తున్నట్టు ఊహించమనండి. ఆ తరువాత వెంటనే తువ్వాలును అదమమనండి. రైతు కాలికి ఆ అలవాటు తెలుసు.

మిణుకు గట్టి బిగువుగా మారాక కాలెత్తడం. మోకాలు చాచి బిగించి, మడమను జానెడు ఎత్తు లేపి, మూడు సెకన్లు ఆపి దించాలి. ఇక్కడ మీ కన్ను మడమ మీద పెట్టొద్దు, మోకాలి మీద పెట్టండి. మడమ లేచే క్షణంలో మోకాలు కొంచెం వంగిపోతే కండ ఇంకా చాలలేదన్నమాట. అలాంటప్పుడు కాలెత్తడం ఆపి మళ్లీ తువ్వాలుకే రండి. మోకాలు వంగకుండా పదిసార్లు లేపగలిగే రోజు దాకా ఇంటి బయట నడిచేటప్పుడు మోకాలి పట్టీ, చేతికర్ర ఉండాలి. కర్ర ఎడమ చేతిలో పట్టాలి, నొప్పి ఉన్న వైపు కాదు. కర్ర, కుడి కాలు కలిసి ముందుకు వెళ్లాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. మోకాలు హఠాత్తుగా కుంగి పడిపోవడమే ఈ రోజుల్లో అసలు ప్రమాదం. చిప్ప మళ్లీ చిట్లేది అలాగే.

మడవడానికి, మంచం మీద ప్లాస్టిక్ కవరు పరిచి దాని మీద మడమను వెనక్కి జార్చాలి. లాగినట్టు అనిపించే చోట పది సెకన్లు ఆగి వదలాలి, పదిసార్లు, రోజుకు మూడుసార్లు. రెండో పద్ధతి మంచం అంచున కూర్చుని, ఎడమ పాదాన్ని కుడి చీలమండ కింద ఆసరాగా పెట్టి మెల్లగా దించడం. వారంవారం కొంత పెరుగుతుంటే సరే. రెండు వారాలు గడిచినా ఒకేచోట ఆగిపోతే డాక్టరుకు చూపించండి.

ఇక్కడే నాటు వైద్యుడి లాగుడు గురించి గట్టిగా చెప్పాలి. నూనె పైపైన రాసి పొడిబారిన చర్మాన్ని మెత్తబరచడంలో తప్పులేదు, హాయిగా కూడా ఉంటుంది. మర్దనతో కండ పెరగదు. ఇద్దరు పట్టుకుని మోకాలిని మడిచే పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. కొత్తగా అతికిన చిప్ప మళ్లీ విరగొచ్చు, కండ చిరిగి రక్తం గడ్డకట్టొచ్చు, ఒక్కోసారి ఆ చోట కండలోనే ఎముక పుట్టి మోకాలు శాశ్వతంగా బిగుసుకుపోవచ్చు. వాపు పెరిగితే పిలుపు మళ్లీ ఆగుతుంది, చేసిన పనంతా వెనక్కి పోతుంది.

కరెంటు సంగతి అడిగారు. సరైన యంత్రమైతే మంచి సాయమే. ఫిజియోథెరపీ గదుల్లో రెండు రకాలుంటాయి. సన్నగా జివ్వుమనిపించేది నొప్పి తగ్గించడానికి, దానితో కండకు బలం రాదు. కండను కంటికి కనబడేలా బిగింపజేసేది వేరు, దాన్ని కండల స్టిమ్యులేటర్ అని అడగండి. పెద్ద ప్యాడ్లు రెండు, ఒకటి తొడ పైభాగంలో బయటివైపు, ఒకటి చిప్ప పైన లోపలివైపు. సుమారు 50 హెర్ట్జ్, పల్సు వెడల్పు 300 మైక్రోసెకన్లు, పది సెకన్లు బిగింపు, నలభై యాభై సెకన్లు విరామం, పది నుంచి పదిహేను బిగింపులు, వారానికి మూడుసార్లు. మోతాదు ఓర్చుకోగలిగినంత పెంచాలి, చిన్నగా అదిరితే సరిపోదు. యంత్రం బిగించేటప్పుడే నాన్నగారు కూడా బిగించాలి. పడుకుని ఊరుకుంటే మెదడు నేర్చుకునేది తగ్గుతుంది. గుండెకు పేస్‌మేకరు ఉన్నవాళ్లకు ఇది పెట్టకూడదు. ప్రతిసారీ బరంపురమో శ్రీకాకుళమో పోవడానికి రోజంతా పడుతుంది కాబట్టి, వెళ్లడం కుదరకపోతే దిగులుపడకండి. మీ వేళ్లూ, తువ్వాలు చుట్టా చాలావరకు ఆ పని చేస్తాయి.

నరాల బలం ఇంజెక్షన్లు బి12 లోపం ఉంటేనే పనిచేస్తాయి. రక్తపరీక్షలో లోపం తేలితే వేయించండి. కట్టు వల్ల మందగించిన పిలుపును ఏ ఇంజెక్షనూ తిరిగి తేలేదు.

మూడో వారం తరువాత, కాలు వంగకుండా లేస్తూ, వాపు దిగి ఉంటే, డాక్టరును అడిగి బరువు మీద పని మొదలుపెట్టండి. కిటికీ ఊచ పట్టుకుని కొంచెం మాత్రమే గుంజీ తీయాలి, మోకాలు 45 డిగ్రీలు దాటకుండా. తరువాత కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం. మొదట దుప్పట్లు మడిచి వేసి కుర్చీ ఎత్తు పెంచండి, వారానికో దుప్పటి తీసేయండి. ఆ తరువాత ఒక ఇటుక ఎత్తు మీదికి కుడి కాలితో ఎక్కడం, మెల్లగా దిగడం. ఎనిమిది నుంచి పది సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. సులువుగా ఇరవై చేయగలిగితే కండ పెరగదు, ఎత్తో బరువో పెంచండి. నొప్పి పదికి మూడు లోపు ఉండి మర్నాటికి తగ్గితే సరే. చిప్ప మధ్యన టేపుతో రోజూ ఉదయం కొలవండి. ముందురోజు కంటే సెంటీమీటరు పెరిగితే పని ఎక్కువైందని, ఒకరోజు ఆపి సగానికి తగ్గించండి. తొడను మాత్రం పదిహేను రోజులకోసారి కొలిస్తే చాలు, ఎప్పుడూ చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల పైన పెన్నుతో గీత గీసి, రెండు కాళ్లకూ. మొదటి నెలలో బలం పెరుగుతుంది గానీ టేపులో తేడా కనబడదు. నిరాశపడొద్దు, ముందు తిరిగొచ్చేది పిలుపు. లావు రెండు నెలల నుంచి తెలుస్తుంది.

తిండి. ఆయన బరువుకు రోజుకు 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు కావాలి, మూడు పూటలా పంచి. పొద్దున చోడి (రాగి) అంబలి ఒక్కటే తాగితే ఐదారు గ్రాములు దాటదు. దానికి రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగ చేరిస్తే 25 దగ్గరికి వస్తుంది. మధ్యాహ్నం అన్నంలోకి నీళ్లపప్పు కాకుండా ముద్దపప్పు, ఒక చేపముక్క, కప్పు పెరుగు. రాత్రి అన్నంతో వంశధార చేపో, చేప లేని రోజు 30 గ్రాముల సోయా ముక్కలో (మీల్ మేకర్). ఆ సోయాలోనే 15 గ్రాములు వస్తాయి. ఉలవలు కూడా మంచివే. అయితే ఇవన్నీ పెంచే ముందు ఒక్కసారి రక్తంలో క్రియాటినిన్ చూపించండి. సరిహద్దుకు అవతల శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎంత పాతుకుపోయిందో అందరికీ తెలిసిందే. మీ చుట్టాలెవరైనా ఆ వైపు ఉంటే ఇంకా తప్పనిసరి. కిడ్నీ బలహీనంగా ఉంటే మాంసకృత్తుల లెక్క డాక్టరే చెప్పాలి. అదే కారణంతో, బీపీ మాత్ర వేసుకునే మనిషి మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని రోజుల తరబడి వాడకూడదు.

పిక్క వాచి, గట్టిపడి, నొక్కితే నొప్పి పెడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వస్తే అది సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. వ్యాయామం, మర్దన ఏదీ చేయకుండా అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాలు రంగు మారి, చెమటపట్టి, బట్ట తగిలినా మంట పుట్టేంత నొప్పి రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంటే అదీ చూపించాల్సిందే.

ఇక ఉభాలు. బురద మామూలు నేలలా ఉండదు. పాదాన్ని పట్టేసుకుంటుంది, ఒళ్లు తిరుగుతుంది, ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. పైగా వంగి నాటేటప్పుడు మోకాళ్లు సగం మడిచి గంటల తరబడి నిలబడాలి. కట్టు విప్పిన నాటి నుంచి కనీసం మూడు నెలలు, చాలామందికి నాలుగు నెలలు దాటితే గానీ కాలు దానికి సిద్ధం కాదు. డెన్మార్క్ పరిశోధకులు రెండు వారాలు కట్టులో ఉంచిన కాళ్లకు ఆరు వారాలు సైకిలు తొక్కించినా బలం పూర్తిగా తిరిగి రాలేదు. మీ నాన్నగారిది ఆరు వారాల కట్టు. మడిలోకి దిగే ముందు మూడు సంగతులు చూసుకోండి. కుడి కాలు ఒక్కదాని మీద అరనిమిషం నిలబడాలి. రెండు ఇటుకల ఎత్తు నుంచి ఎడమ కాలు ముందుపెట్టి పదిసార్లు దిగినా కుడి మోకాలు వణక్కూడదు, లోపలికి వాలకూడదు. తొడల మధ్య తేడా రెండు సెంటీమీటర్లలోపు రావాలి. ఈ మూడూ కుదరకపోతే ఈ ఏడు ఆయన గట్టు మీద కర్రతో నిలబడి నారుకట్టలు పంచితే చాలు. గట్టు కూడా తడిగా ఉన్నప్పుడు వద్దు, ఆరిన చోటే నిలబెట్టండి.